నవ్వే ఇంటి వార్తలు

"పొందికకి అనుమతి వచ్చేసింది మధూ" అని కిరీటి ఫోన్‌లో చెప్పినప్పుడు నా చేతులు మణికట్టు దాకా శనగపిండిలో ఉన్నాయి. అత్తయ్య నాకు మిరపకాయ బజ్జీలు నేర్పుతోంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "నిజంగానా" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అతను అదే నవ్వు నవ్వాడు. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు సాసర్‌లో ఒలికించుకున్నప్పుడు నవ్విన నవ్వు అది.

"ఏవంటున్నాడే?" అంది అత్తయ్య.

"ఆయన పెట్టెని ఒప్పుకున్నారండి అత్తయ్యా. మొదట మన వీధిలోనే పెడతారంట. అన్ని ఇళ్ళకీ, ఊరికే."

ఇందు వదిన గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కిరీటికి అక్క. ఏడో నెల. వదిన భర్త, అన్నయ్యగారు, సూరత్‌లో బట్టల మిల్లులో పని చేస్తారు, అందుకని పురిటికి ముందే పుట్టింటికి తెచ్చుకున్నారు. "మా వాడు చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించలేక మంచం కింద దాచాడు. అలాంటోడి చేతికి వీధి మొత్తం ఇచ్చేశారా? పాపం వీధి" అంది.

నాకు ఆ మాట కూడా ముద్దుగానే వినిపించింది. అప్పుడు నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన ఉండటం, అత్తయ్య నా చీర కుచ్చిళ్ళు సర్దడం, అందరి ముందూ కిరీటిని "ఏవండీ, మీరు" అని పిలిచి, గదిలోకి వెళ్ళగానే "నువ్వు" అనడం. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నేను కుండీలోని కొత్తిమీర మొలిచిందని వీధంతా చెప్పుకొచ్చాను.

కిరీటి ముంగిలి టీవీలో ఇంజనీరు. పొందిక అతని మూడేళ్ళ కష్టం. సబ్బుపెట్టెంత ఉంటుంది, టీవీ కింద అంటిస్తారు. మా ఇంట్లో పెట్టిన సాయంత్రం నన్ను సోఫాలో కూర్చోబెట్టి, చేతికి రిమోట్ ఇచ్చి, "నీ ఇష్టం వచ్చినట్టు ఉండు" అన్నాడు.

తెర మీద ధరణి వార్తలు చదువుతోంది. ధరణి మా ఊళ్ళో అందరికీ తెలిసిన ముఖం. ఇప్పుడు ఆ అమ్మాయి తన ముఖాన్నీ గొంతునీ యంత్రానికి అరువిచ్చిందట. ఏదో రోడ్డు వెడల్పు గురించి చెబుతోంది. నాకు ఆవలింత వచ్చింది. ధరణి వెంటనే చదివే వేగం పెంచింది. నేను రిమోట్ వైపు చెయ్యి జరిపాను. "ఒక్క క్షణం, ఇది మీ వీధి మలుపు సంగతే" అంది. నేను పకపకా నవ్వాను. ధరణి కూడా నవ్వింది.

"ఈవిడ నన్ను చూస్తోందా?"

"ఆవిడ కాదు, పొందిక చూస్తుంది. నీ బుగ్గల రంగుని బట్టి గుండె ఎలా కొట్టుకుంటుందో పట్టేస్తుంది. నీ చెయ్యి ఎటు కదులుతుందో చూస్తుంది. అందరికీ వెళ్ళే వార్త ఒకటే. మాటలు మాత్రం మీ ఇంట్లోనే, మీకు తగినట్టు ఏరుకుంటుంది. ఎవరూ ఛానల్ మార్చరు."

"అప్పుడు వార్త మారిపోదా?"

"వార్త మారదు, చెప్పే తీరు మారుతుంది. ఒకే సంగతి మా అమ్మకి ఒకలా చెప్తావు, నాకు ఒకలా చెప్తావు. చెప్పవూ?"

సబబుగానే తోచింది. ఆ సాయంత్రమూ బజ్జీలే, అతని ముక్కు మీద అంటుకున్న శనగపిండి నేనే అంటించింది. ఆ పిండిని చూస్తూ ఎవరైనా దేన్నైనా ఒప్పుకుంటారు.

మొదటి వారం పొందిక ప్రతి ఇంటి స్వభావం నేర్చుకుంటుంది. ఆ ఇంట్లో రోజూ ఎవరు చూస్తారో వాళ్ళే కూర్చోవాలి. మా ఇంట్లో రోజూ చూసేది అత్తయ్య. కానీ ఆ వారం అత్తయ్య టీవీ ఉన్న గదిలోకి రాలేదు. సాయంత్రం కాగానే "మేం పెరట్లో చిక్కుళ్ళు ఒలుచుకుంటాం, మీరిద్దరూ ఆ పెట్టె సంగతేదో చూసుకోండి" అని వదినని వెంటబెట్టుకుని వెళ్ళిపోయేది. పట్టపగలు పడగ్గది తలుపేసుకుంటే సిగ్గుమాలిన పని. ముందు గదిలో టీవీ చూస్తే మర్యాద. కొత్త జంటకి కాస్త ఏకాంతం ఇవ్వాలంటే రెండు గదుల ఇంట్లో అంతకంటే దారి లేదు. చిక్కుళ్ళు లేని రోజున కూడా అత్తయ్య చిక్కుళ్ళు ఒలిచింది.

మేం దిండు కింద చేతులు పట్టుకుని కూర్చునేవాళ్ళం. బంగాళదుంపల ధర పెరిగిందని చెప్పినా నవ్వేవాళ్ళం. ఎక్కడో బస్సు బోల్తా పడిందని ధరణి మొదలుపెడితే, నేను ముఖం పక్కకి తిప్పుకుని కిరీటి భుజం మీద పెట్టుకునేదాన్ని. ధరణి ఆ వార్తని అక్కడే మడిచేసి, పూల ప్రదర్శన గురించి చెప్పేది. వారం తిరిగేసరికి మా ఇంటి ధరణి అంత హాయైన మనిషి ఊళ్ళోనే లేదు.

వీధి మొత్తం మురిసిపోయింది. ఎదురింటి గుర్నాథం గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "ధరణికి ఇప్పుడు కాస్త వెన్నెముక వచ్చిందమ్మా, గట్టిగా కడిగేస్తోంది ఒక్కొక్కణ్ణీ" అన్నారు. పిండిమర నడిపే మస్తాన్‌బీ గారు "మాకైతే చటుక్కున చెప్పేసి ఊరుకుంటుంది, అదే సుఖం" అన్నారు. ఇద్దరూ ఒకే ధరణి గురించి చెబుతున్నారని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

వాన పడిన ఒక సాయంత్రం నలుగురం ముందు గదిలోనే ఉన్నాం. బజ్జీల పళ్ళెం మధ్యలో ఉంది. ధరణి గులాబీ రంగు చీరలో 'ప్రమాదం' అని ఏదో మొదలుపెట్టి, నేను ముఖం తిప్పుకోగానే నవ్వుతూ, "వానాకాలం వచ్చేసింది. కాచిన నీళ్ళు తాగేవాళ్ళ ముఖం నిగనిగలాడుతుందట. మీరూ ప్రయత్నించి చూడండి. ఇక మీ వీధి చివర కాలువ దగ్గర పైపు పని చకచకా సాగిపోతోంది" అంది.

కిరీటి నా వైపు తిరిగి, "వద్దులెండి, ఈవిడ ముఖం ఇంకా వెలిగితే వీధి దీపాలు పీకేస్తారు" అన్నాడు.

"పెళ్ళైన కొత్తలో అందరూ వీధి దీపాలేరా" అంది వదిన. "నెలలు నిండనీ, ఫ్యూజులు ఎగిరిపోతాయి." అందరం విరగబడి నవ్వాం. బజ్జీ కారానికి వదిన కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. మా ఇంట్లో కుళాయి నీళ్ళే తాగుతాం. టిన్ను నీళ్ళు చప్పగా ఉంటాయని అత్తయ్య రానివ్వదు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. నవ్వినందుకు నేను సిగ్గుపడను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఒకాయన నన్ను సిగ్గుపడమన్నాడు.

*

కొన్ని వారాలకి వదినకి అన్నం సయించడం మానేసింది. కడుపుతో ఉన్నదానికి అంతేలే అనుకున్నాం. ఒక ఉదయం కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వుతుంటే, అద్దంలో ఆమె కళ్ళు కనిపించాయి. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి, "కామెర్లు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది చాలా ప్రమాదం. మీది పాత రైసుమిల్లు వీధేనా?" అని అడిగింది.

"అవునండి" అన్నాడు కిరీటి.

"కాలువ దగ్గర పైపు పగిలి మురుగు కలిసింది. నీళ్ళు కాచి గానీ తాగొద్దని అప్పుడే చెప్పించారు కదా. మీ వైపంతా ఒకటే ఛానల్ చూస్తారట, అందులోనే రోజూ చెప్పించామన్నారు. చదువుకున్నవాళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలాగండి?"

"మా టీవీలో రాలేదండి" అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. అబద్ధం చెప్పేవాళ్ళని రోజూ చూసి అలిసిపోయిన చూపు అది.

రెండు రోజులకి బిడ్డ పోయింది. ఆడపిల్ల. అత్తయ్య ఆ పొత్తిగుడ్డని ఒక్కసారి ఎత్తుకుని నర్సుకి ఇచ్చేసింది. వదినకి తెలివి లేదు. సూరత్ నుంచి అన్నయ్యగారు చెప్పులైనా సరిగా వేసుకోకుండా వచ్చి, ఐసీయూ గాజు తలుపు ముందు నిలబడిపోయారు.

బట్టలు తేవడానికి నేను ఇంటికి వచ్చాను. గుర్నాథం గారి కిటికీ తెరిచి ఉంది. లోపలి నుంచి ధరణి గొంతు. ఎప్పుడూ వినని గొంతు అది, పళ్ళ మధ్య నలిగి వస్తోంది. "పాత రైసుమిల్లు వీధిలో కామెర్లు. ఎవరి నిర్లక్ష్యం? ఎవరి జేబులు నిండాయి? ఎన్నాళ్ళు భరించాలి?"

నేను గబగబా మా తాళం తీసి టీవీ పెట్టాను. అదే క్షణం, అదే ధరణి. మా ఇంట్లో ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. "మీ వీధిలో కొందరు విశ్రాంతి తీసుకుంటున్నారు. పసుపు రంగు అరటిపళ్ళు ఈ కాలంలో భలే రుచి" అంది.

నేను టీవీ అలాగే వదిలేసి వీధి దాటాను. "బాబాయ్ గారూ, ఆ వానరోజుల్లో మీ టీవీలో నీళ్ళు కాచి తాగమని చెప్పారా?"

"చెప్పకేం, పైపు పగిలిందని చెప్పింది. ఎవరు వేయించారో, ఎవడు తిన్నాడో అంతా విప్పి పెట్టింది. ఆ సాయంత్రమంతా నేను తిట్టని తిట్టు లేదు."

"కాచి తాగమని?"

ఆయన విన్నవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "అది చెప్పలేదమ్మా" అన్నారు. ఆయన మనవడు కూడా మంచం మీదే ఉన్నాడు. అప్పటిదాకా అది అజీర్తి అనుకుంటున్నారు.

పిండిమర దగ్గరికి పరిగెత్తాను. అక్కడ రోజంతా మర హోరు, వచ్చేపోయేవాళ్ళ కబుర్లు. ఎవరూ టీవీ వైపు రెండు క్షణాలకి మించి చూడరని పొందిక నేర్చుకుంది. అందుకని మస్తాన్‌బీ గారి ధరణి మాటల్ని వాక్యాలుగా కూడా కలపదు. సంగీతం, ఆ మధ్యలో "నీళ్ళు. పైపు. అధికారులు. సమీక్ష." మళ్ళీ సంగీతం.

నేను వీధి మధ్యలో నిలబడ్డాను. అటు నుంచి ఒక ధరణి కస్సుమంటోంది, ఇటు నుంచి ఇంకో ధరణి అరటిపళ్ళు తినమంటోంది. నీళ్ళు కాచుకోండి అనడానికి రెండే మాటలు చాలు. వీధి మొత్తం మీద ఆ రెండు మాటలూ ఏ ఇంటికీ అందలేదు. అప్పటిదాకా నాకు కోపం అంటే అలగడమే.

*

"నన్ను మీ ఆఫీసుకి తీసుకెళ్ళండి" అన్నాను.

ఆసుపత్రి వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ లేనప్పుడు నేను "అండి" అనడం అదే మొదటిసారి. కిరీటి ముఖం తెల్లబోయింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అతను అడ్డు చెప్పలేదు. "ప్రమాద హెచ్చరికలకి మినహాయింపు పెట్టాను మధూ. ఆ మాటలు మారకూడదని రాశాను. దాన్ని తీసేసినట్టున్నారు" అన్నాడు.

"తీసేస్తారని మీకు తోచలేదా?"

అతను బండి తాళం తీశాడు.

ముంగిలి టీవీ ప్రయోగశాలలో ఒక గోడ నిండా చిన్న చిన్న తెరలు. ఒక్కో తెర కింద ఒక్కో ఇంటి పేరు, అన్నీ మా వీధివే. ప్రతి తెరలోనూ ధరణి ఉంది. ఒకచోట కళ్ళెర్రజేస్తోంది, ఒకచోట కన్నీళ్ళు తుడుచుకుంటోంది, ఒకచోట ముసిముసి నవ్వులు. శబ్దం తీసేశారు. ఎవరి గురించైనా ఇంతమంది ఒకేసారి గుసగుసలాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. వీధి మొత్తం మీద ఎవరికీ కనిపించనిది ఈ గదిలో కూర్చున్నవాళ్ళకి కనిపిస్తోంది.

చక్రపాణి గారు కిరీటి పై అధికారి. నన్ను చూసి లేచి నిలబడ్డారు, మంచినీళ్ళు తెప్పించారు. నేను గ్లాసు ముట్టుకోలేదు.

"చాలా బాధాకరం తల్లీ. కానీ ఆ వార్త మేం ప్రతి ఇంటికీ ఇచ్చాం. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు."

"మా ఇంటికి ముఖం నిగనిగలాడుతుందని ఇచ్చారు."

"మీ ఇల్లు అలా అడిగింది." ఆయన ఒక తెర వైపు చూపించారు. ఎగుడుదిగుడు గీత. "ఇదిగో, ఆ సాయంత్రం. ఇక్కడ మొదట 'ప్రమాదం' అన్నాం. చూడండి, మీ గుండె వేగం, మీ చూపు పక్కకి. ఇంకో మాట అని ఉంటే ఛానల్ మార్చేసేవారు. అప్పుడు అసలేమీ వినేవారు కాదుగా. మాట మార్చాం. ఇక్కడ నవ్వారు. అంటే మీకు అందింది."

ఆ గీత శిఖరం నా నవ్వు.

"పాతరోజుల్లో మేం చెప్పేవాళ్ళం, మీరు వినేవాళ్ళు" అన్నారాయన. "అది మా అహంకారం. ఇప్పుడు మీరు చెప్తారు, మేం వింటాం. ప్రేక్షకుడికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది? మీ ఇంటికి కష్టం వచ్చిందంటే, కొంచెం మీ వైపు నుంచి కూడా ఆలోచించుకోవాలి. అంత నవ్వు అవసరమా?"

"మేం ఎప్పుడు చెప్పామండి మీకు? నోరు విప్పి ఏ రోజున చెప్పాం?"

"మీ ముఖాలు చెప్పాయి."

"నా ముఖం నా మొగుడికి చెప్పుకుంటున్న మాట అది. మీకు కాదు. పక్కన నక్కి విన్నవాళ్ళు దాన్ని అర్జీ అని రాసుకుంటారా? మా ఇల్లు సంతోషంగా ఉందని మీకు తెలిసింది. అది పోకుండా కాపాడాల్సింది పోయి, దాన్నే మా మీద సాక్ష్యంగా తెచ్చారు."

ఆయన తల పంకించారు. నా కోపాన్ని కూడా ఒక గీతగా చూస్తున్నారేమో అనిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "మేమూ ఊరుకోవడం లేదమ్మా. రేపు సాయంత్రం ఏడింటి వార్తల్లో ఇందుమతి గారి మీద ప్రత్యేక కథనం వేస్తున్నాం. ప్రతి ఇంటికీ తగినట్టు" అని, మీట నొక్కారు.

గోడ మీద ధరణులందరూ ఒకేసారి మా వదిన ఫోటో పట్టుకున్నారు. సీమంతం నాటి ఫోటో అది. ఎవరిచ్చారో తెలియదు. చక్రపాణి గారు ఒక్కో తెరకీ శబ్దం పెంచి వినిపించారు. గుర్నాథం గారి ఇంటికి ఇందుమతి అధికారుల చేతిలో బలైపోయిన ఆడపడుచు. పక్క సందు చివరి ఇంటికి, కనీస శుభ్రత కూడా తెలియని అజాగ్రత్త మనిషి. ఇంకో ఇంటికి, విధిని నమ్మి కుంగిపోని పుణ్యాత్మురాలు. పిండిమరకి "ఇందుమతి. కామెర్లు. ఆసుపత్రి", మధ్యలో సంగీతం.

"మా ఇంటిది పెట్టండి" అన్నాను.

మా ఇంటి ధరణి తెల్లచీరలో, తలలో మల్లెపూలతో నవ్వింది. "మనందరి ఇందు త్వరలోనే ఇంటికి తిరిగి రాబోతోంది. ఆమెకి ఇష్టమైన వంట ఏమిటో మీకు తెలుసా?" అంది. అంతే. కథనం మొత్తం విన్నాను. ఎక్కడా బిడ్డ లేదు. పోయిందని లేదు, పుట్టిందని లేదు, అసలు కడుపుతో ఉందనే లేదు. ఫోటో కూడా మెడ దాకా కోసేశారు.

కిరీటి మొదటిసారి నోరు తెరిచాడు. "సార్, ఇది ఆపండి."

"ఆపితే పొందిక తప్పని మనమే ఒప్పుకున్నట్టు. వచ్చే నెల రాష్ట్రమంతా పెడుతున్నాం. నీ పేరు మీదే కదయ్యా ఇది ఉన్నది. కాస్త స్థిమితపడు. కావాలంటే మీ ఇంటికి వేరే కథనం చేయిద్దాం, మీ ఆవిడకి ఎలా కావాలంటే అలా."

నాకు ఎలా కావాలంటే అలా. నేను లేచి వచ్చేశాను.

బయట బండి దగ్గర కిరీటి తలవంచుకుని నిలబడ్డాడు. "మన పెట్టె పీకేస్తాను" అన్నాడు.

"మనదొక్కటి పీకితే ఏమవుతుంది? అప్పుడు మిగతా అందరూ మా వదినని తలో రకంగా చూస్తారు, మనకి మాత్రం తెలియకుండా ఉంటుంది. మీరు చెప్పండి. టీవీని ఇంట్లోంచి తీసి వీధిలో పెడితే పొందిక పని చేస్తుందా?"

"చేస్తుంది. వైరు చాలితే చాలు."

"దాని ముందు వేరేవాళ్ళు నిలబడితే?"

"నేర్చుకున్న స్వభావం వెంటనే పోదు, వారం పడుతుంది. అంతవరకు ఆ ఇంటి ధరణే..." అతను మాట మధ్యలో ఆపి నా వైపు చూశాడు. లోపలి గదిలోని ఆ గోడ అతనికి కూడా గుర్తొచ్చిందని అర్థమైంది.

"ఉద్యోగం పోతుంది" అన్నాడు నెమ్మదిగా. ఫిర్యాదులా కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు.

"పోనీండి."

"సరే. వైర్లు నేను లాగుతాను."

*

మరుసటి ఉదయం వదినకి తెలివి వచ్చింది. ప్రమాదం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. అన్నయ్యగారు మంచం పక్కన కూర్చుని ఆమె కాలివేళ్ళు పట్టుకుని ఉన్నారు. పాప సంగతి ఆయనే చెప్పారట. వదిన కళ్ళు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఆ పసుపు చుట్టూ ఎరుపు చేరింది.

ఛానల్‌వాళ్ళు ఏం చేశారో, ఏం వేయబోతున్నారో, టీవీలు వీధిలోకి తెచ్చి మేం ఏం చేయాలనుకుంటున్నామో నేను దాచకుండా చెప్పాను. ఆమె గురించి ఆమెకే మాటలు ఏరి చెప్పడం నాకు చేతకాలేదు. అలా ఏరడం చూశాక ఇక జన్మలో చేతకాదు.

"మన టీవీలో పాప లేదా?" అంది.

"లేదు వదినా."

కిరీటి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, లోపలికి రావడానికి ధైర్యం లేక.

"ఒరేయ్, అక్కడ నిలబడి స్తంభంలా ఏడవకు, ఇలా రా" అంది. అతను వచ్చి మంచం కోడు పట్టుకున్నాడు. "ఆ రేడియో గుర్తుందా? విప్పావు, బిగించలేకపోయావు. మంచం కింద దాచావు."

"గుర్తుందక్కా."

"ఈసారి దాచకు. వీధిలో పెట్టు, అందరూ చూడనీ." తర్వాత నా వైపు తిరిగింది. "వాళ్ళు ఆపారా వేయడం?"

"ఆపలేదు. అయితే ఇప్పుడే ఫోన్ చేశారు. నీకు తెలివొచ్చిందని ఎలా తెలిసిందో, దాన్ని కూడా కలిపి రేపు వేస్తారంట. ఇవాళ్టి బదులు రేపు ఏడింటికి."

"మంచిదేలే. అయితే వైర్లు సర్దుకోవడానికి రేపటిదాకా వ్యవధి ఉంది" అంది వదిన, అటు తిరిగి పడుకుని.

సాయంత్రం వీధివాళ్ళని పిండిమర ముందు పోగుచేశాం. మస్తాన్‌బీ గారు మర ఆపేశారు. నేను చెప్పింది విని అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"మీ ఇంట్లో అలా వస్తే రావచ్చు గానీ, మా ధరణి అలాంటిది కాదు" అన్నారు గుర్నాథం గారు. "ఆ అమ్మాయి ఒక్కతే ఈ ఊళ్ళో నిజం చెప్పేది. నా కూతురు లెక్క."

"ఏం చెప్పిందయ్యా నీకు?" అన్నారు మస్తాన్‌బీ గారు. "వార్తంటే నాలుగు ముక్కలు. నువ్వు చెప్పే ఆ భాగోతమంతా ఎక్కడ విన్నావో ఏమో. కలగన్నావా?"

"మర హోరులో నీకేం వినపడి ఏడ్చింది బీబమ్మా? చెవిలో పిండి పోసుకుని కూర్చుంటావు."

"నా చెవికేం. నీ మనవడికి కామెర్లని నీకే తెలీదు, నాకు చెప్పొచ్చావు."

సందు చివరి ఇంటావిడ మెల్లగా, "మా దాంట్లో అయితే, మీ ఇళ్ళల్లో శుభ్రత లేకే వచ్చిందని చెప్పారు. అందుకే నేను మీ ఇంటి వైపు రావడం మానేశాను" అంది నాతో. ఆవిడ తలెత్తి నన్ను చూడలేకపోయింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నా కోపమంతా ఆ గోడకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళ కోసం దాచుకున్నాను. ఇరుగుపొరుగు మీద ఖర్చు పెట్టడానికి అందులో పిసరంత కూడా లేదు.

"మాటలతో తేలదండి" అన్నాను. "మీరు నన్ను నమ్మొద్దు. మా ఆయన్ని అసలే నమ్మొద్దు, ఆ పెట్టె చేసింది ఆయనే. మీ కళ్ళతో మీరే చూడండి."

ఏం చేయాలో చెప్పాను. తర్వాత గుర్నాథం గారు పిండిమర అరుగెక్కారు. బస్టాండు మొత్తానికి వినిపించేలా ముప్పై ఏళ్ళు ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు అది. దానికి మైకు అక్కర్లేదు.

"పాత రైసుమిల్లు వీధివాళ్ళందరికీ. రేపు సాయంత్రం ఏడు గంటలకి ఎవరి టీవీ వాళ్ళు, కింద అంటించిన పెట్టెతో సహా, బయటికి తెచ్చి గోడవారన వరసగా పెట్టండి. వైర్లు కిరీటి లాగుతాడు. కిరీటి వాళ్ళ టీవీ మధ్యలో ఉంటుంది. పక్క వీధులవాళ్ళకీ, ఆసుపత్రి డాక్టరమ్మకీ కబురు పెడుతున్నాం. ఎవరూ శబ్దం తగ్గించొద్దు." ఆయన ఆగి నా వైపు వంగారు. "ఇంకేమైనా ఉందా అమ్మాయ్?"

కిరీటి మోకాళ్ళ మీద కూర్చుని వైరు కొలుస్తున్నాడు. నేను అరుగెక్కి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఒకటుందండి" అన్నాను అందరితో. "రేపు వార్తలు మొదలవగానే ఎవరూ తమ టీవీ ముందు నిలబడొద్దు. పక్కింటివాళ్ళ టీవీ ముందుకి వెళ్ళి నిలబడండి."